ప్రయాణ విభాగం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది చేసిన పనుల్లో పెద్దది మొదట చెబుతాం. గే, లెస్బియన్, ట్రాన్స్ సభ్యుల ప్రయాణాల కోసం మనం నడిపే ఊళ్ల జాబితాలో ఇన్నాళ్లూ వేస్తూ వచ్చిన నక్షత్రాల గుర్తులు తీసేశాం. "గే ప్రయాణికులకు అనుకూలం" అనే ఒక్క ముద్ర కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి: అక్కడి చట్టం ఏమంటుంది, వీధిలో జనం ఎలా చూస్తారు, రాత్రిపూట మనవాళ్లు కలిసే చోటు ఉందా. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసి నడవాలని ఏమీ లేదు. జపాన్‌లో స్వలింగ వివాహానికి దేశవ్యాప్త చట్టం ఇప్పటికీ లేదు. అయినా టోక్యోలోని షింజుకు ని-చోమే పేటలో నాలుగైదు వీధుల మధ్యే వందల బార్లు కిక్కిరిసి ఉంటాయి. ఐరోపా దేశాల చట్టాలను బేరీజు వేసే ఇల్గా-యూరప్ రెయిన్‌బో పటంలో మాల్టా 2025తో కలిపి వరుసగా పదేళ్లు మొదటి స్థానంలో నిలిచింది. కానీ తెల్లవార్లూ నాట్యం చేద్దామని వెళ్లేవారికి అక్కడ దొరికేది తక్కువ. లైంగికత ఆధారంగా వివక్ష చూపకూడదని ప్రపంచంలో మొట్టమొదట రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం దక్షిణాఫ్రికా. అక్కడి కేప్‌టౌన్‌లో డి వాటర్‌కాంట్ పేటలో చేయీ చేయీ పట్టుకుని తిరిగే జంటకు, ఊరి చివరి బస్తీల్లో అలా తిరగడం క్షేమం కాదు.

అందుకే ఇప్పుడు ప్రతి ఊరికీ చట్టం, వీధి, రాత్రి అని మూడు గడులు ఉంటాయి. నాలుగో గడిలో ఆ సమాచారాన్ని చివరిసారి సరిచూసిన తేదీ ఉంటుంది. ఆరు నెలలు దాటిన సమాచారంపై అడ్డగీత పడుతుంది. మూసేసిన బార్ చిరునామా పట్టుకుని అర్ధరాత్రి తెలియని పేటలో తిరగడం చిన్న ప్రమాదం కాదు. నక్షత్రాలను నమ్ముకుంటే జరిగేది అదే.

చట్టం గడిలో ఈ ఏడాది మార్పులు

థాయిలాండ్‌లో వివాహ సమానత్వ చట్టం జనవరి 23 నుంచి అమల్లోకి వచ్చింది. ఆగ్నేయాసియాలో ఇదే మొదటిది. ఆసియాలో తైవాన్ 2019 మే 24న, నేపాల్ 2023లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ముందే దారి వేశాయి. జూలైలో సెయింట్ లూసియాలో కోర్టు స్వలింగ కలయికను నేరంగా చూసే పాత చట్టాన్ని (నేరచట్టాన్ని) కొట్టేసింది. అటు ట్రినిడాడ్‌లో మాత్రం మార్చిలో అప్పీలు కోర్టు అది నేరం కాదన్న 2018 నాటి తీర్పును తిరగదోడి, అంతకుముందున్న నేరాన్ని మళ్లీ నిలబెట్టింది. బుర్కినా ఫాసో సెప్టెంబరులో కొత్తగా నేరచట్టం చేసింది. హంగరీ మార్చిలో ప్రైడ్ (ఎల్‌జీబీటీ ఆత్మగౌరవ) సభలను నిషేధించే చట్టం తెచ్చి, పాల్గొన్నవారిని ముఖ గుర్తింపు కెమెరాలతో పట్టుకోవడానికీ, రెండు లక్షల ఫోరింట్ల దాకా జరిమానా వేయడానికీ వీలు కల్పించింది. అయినా జూన్ 28న బుడాపెస్ట్ వీధులు జనంతో నిండిపోయాయి. ఆ ఊరి వీధి గడినీ చట్టం గడినీ పక్కపక్కన చదివితే, ఈ మార్పు ఎందుకు చేశామో వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం గురించి సభ్యులు తరచుగా పొరబడే చోట్లు రెండు ఉన్నాయి. "ఆ చట్టం వాళ్ల పౌరులకే కదా" అనుకోవడం మొదటిది. నేరచట్టం ఆ నేలమీద ఉన్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. రెండోది, "మనం విమానం మారడానికే కదా దిగుతున్నాం" అన్న ధీమా. తర్వాతి విమానం తప్పిపోయి, సంస్థవాళ్లు హోటల్ గది ఇస్తే, మీరు ఆ దేశంలోకి ప్రవేశించినట్టే. ఫోన్‌లోని ఫొటోలు, బ్యాగులోని జెండా అన్నీ మీతోపాటే లోపలికి వెళతాయి. మలేసియా 2023 ఆగస్టులో స్వాచ్ కంపెనీ ఇంద్రధనుస్సు రంగుల చేతిగడియారాలను నిషేధించి, దగ్గర పెట్టుకున్నా మూడేళ్ల దాకా జైలు ఉంటుందని ప్రకటించింది. పరేడ్ నుంచి తిరుగు ప్రయాణంలో అలాంటి దేశం మీదుగా వచ్చేవారు జెండాలూ బ్యాడ్జీలూ ముందే పోస్టులో పంపించుకోవాలి, లేదా అక్కడే ఎవరికైనా ఇచ్చేయాలి.

ప్రైడ్ పరేడ్‌లు

ప్రైడ్ అంటే జూన్ అనుకుని సెలవు పెట్టేవారు చాలామంది. న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ ఇన్ అనే గే బార్‌పై పోలీసులు దాడి చేసింది 1969 జూన్ 28న కాబట్టి అక్కడ జూన్ చివరి ఆదివారం నడుస్తారు. చాలా ఊళ్లు దాన్నే పాటిస్తాయి, అన్నీ కాదు. సిడ్నీ ప్రైడ్ పరేడ్ అయిన మార్డి గ్రా మొదలైంది 1978 జూన్ 24నే. ఆ రాత్రి 53 మందిని అరెస్టు చేశారు. కానీ అక్కడ జూన్ చలికాలం. 1981 నుంచి దాన్ని వేసవికి మార్చారు, అందుకే పరేడ్ ఫిబ్రవరి చివరో మార్చి మొదట్లోనో వస్తుంది. సావో పాలో పరేడ్ సాధారణంగా కార్పస్ క్రిస్టీ పండగ వెంట వచ్చే ఆదివారం. ఆ పండగ ఈస్టర్‌ను బట్టి జరుగుతూ ఉంటుంది కాబట్టి ఏటా తేదీ మారుతుంది. తైపేలో అక్టోబరు చివరి శనివారం. స్పెయిన్ ద్వీపం గ్రాన్ కనారియాలోని మాస్పలోమాస్‌లో మే నెల. కాబట్టి ముందు తేదీ తెలుసుకోండి, తర్వాతే టికెట్టు.

రెండో విషయం, పరేడ్‌లన్నీ ఒక తీరువి కావు. తైపేలో దారిన పోయేవారు కూడా ఊరేగింపులో కలిసి నడవవచ్చు. సిడ్నీ, లండన్, న్యూయార్క్‌లలో దారికి రెండు వైపులా కంచెలు కడతారు. లోపల నడవాలంటే ముందే నమోదైన బృందంలో ఉండాలి. ఆ నమోదు నెలల ముందే ముగుస్తుంది. ఇది తెలియక వెళ్లి కంచె ఇవతలే నిలబడి చూసి వచ్చినవారి నిరాశ చాలా పెద్దది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఊరేగింపు నీటి మీద సాగుతుంది. సుమారు 80 పడవలు ప్రిన్సెన్‌గ్రాచ్ట్ కాలువ మీదుగా వెళతాయి. గట్టు మీద నిలబడి చూడడానికి డబ్బు కట్టనక్కర్లేదు. కానీ వంతెనల మీద జనం ఎక్కువై పోలీసులు ఖాళీ చేయిస్తుంటారు కాబట్టి, వంతెన కన్నా కాలువ గట్టు మేలు.

రోజంతా నిలబడే పని ఇది. ఎక్కడ చెడుతుందో ముందే తెలిస్తే సగం కష్టం తప్పుతుంది. లక్షల మంది ఒకేచోట చేరితే ఫోన్ సిగ్నల్ ఉన్నట్టే కనిపిస్తుంది, సందేశం మాత్రం వెళ్లదు. "ఎక్కడున్నావు?" అన్న ప్రశ్నకు జవాబు గంట తర్వాత వస్తుంది. అందుకని బయలుదేరే ముందే కలిసే చోటు ఒకటి అనుకోవాలి, అది పరేడ్ దారికి కనీసం రెండు వీధుల అవతల ఉండాలి. టైము కూడా అనుకోవాలి: మూడింటికి, ఆరింటికి, తొమ్మిదింటికి. ఎవరైనా రాకపోతే తర్వాతి గంటకు మళ్లీ అక్కడికే రావాలి. దారికి ఆనుకున్న మెట్రో స్టేషన్లు రద్దీకి మూసేయవచ్చు, కాబట్టి ఒక స్టేషను ముందే దిగి నడవండి. గాజు సీసాలను చాలా చోట్ల లోపలికి రానివ్వరు. హోటల్ చిరునామా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, సాయంత్రానికి ఫోన్‌లో చార్జింగ్ ఉండదు.

2026లో రెండు పెద్ద సందర్భాలున్నాయి. వరల్డ్ ప్రైడ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో జూలై 25 నుంచి ఆగస్టు 8 వరకు. గే గేమ్స్ క్రీడలు స్పెయిన్‌లోని వాలెన్సియాలో జూన్ 27 నుంచి జూలై 4 వరకు. నెదర్లాండ్స్ 2001 ఏప్రిల్ 1న స్వలింగ వివాహాన్ని ప్రపంచంలో మొదట చట్టబద్ధం చేసిన దేశం, కాబట్టి 2026 అక్కడ ఇరవై ఐదో ఏడు కూడా. వెళ్లదలచినవారు రద్దు చేసుకునే వీలున్న గదిని ఇప్పుడే పట్టుకోండి. ఊళ్లో దొరక్కపోతే హార్లెమ్‌లో చూడండి, రైలులో ఇరవై నిమిషాల లోపు దూరం. వెస్టర్‌కెర్క్ చర్చి పక్కన 1987లో కట్టిన హోమోమాన్యుమెంట్‌ను పరేడ్ రోజున కాక, మామూలు రోజు పొద్దున్నే చూడండి. మూడు గులాబీ గ్రానైట్ త్రిభుజాల్లో ఒకటి నీటిలోకి దిగే మెట్లలా ఉంటుంది. అక్కడ పూలు పెట్టి వెళ్లేవారిని చూస్తే ఈ పండగ ఎందుకో మనసుకు తెలుస్తుంది.

రాత్రిళ్లు

మాడ్రిడ్‌లోని చుయెకా పేటకు రాత్రి పదింటికి వెళితే క్లబ్బులు ఖాళీగా ఉంటాయి. అవి నిండేది రెండు దాటాకే. పది గంటలకు అక్కడ వీధిలోని బార్ల ముందు నిలబడి కబుర్లాడే వేళ. బెర్లిన్‌లో కొన్ని క్లబ్బులు శుక్రవారం రాత్రి తెరిస్తే సోమవారం పొద్దుటి దాకా మూయరు, కాబట్టి ఆదివారం మధ్యాహ్నం కాసేపు నిద్రపోయి వెళ్లడం అక్కడివారికి మామూలే. బెర్గ్‌హైన్ లాంటి చోట ద్వారం దగ్గరే ఫోన్ కెమెరాకు స్టిక్కర్ అంటిస్తారు. ఫొటో తీస్తే బయటికి పంపేస్తారు. లోపల ఉన్నవారిలో ఇంట్లోగానీ ఆఫీసులోగానీ తమ సంగతి చెప్పుకోనివారు ఎందరో ఉంటారు. వారికి రక్షణ ఆ స్టిక్కరే. అది లేని క్లబ్బుల్లో కూడా అదే మర్యాద పాటించమని సభ్యులను గట్టిగా కోరుతున్నాం. ద్వారం దగ్గర కాదంటే వాదించకండి, వాదనతో ఎవరూ లోపలికి వెళ్లలేదు. నోలెన్‌డార్ఫ్‌ప్లాట్జ్ చుట్టుపక్కల బార్లకు ఇలాంటి కాపలా లేదు. మొదటి రాత్రికి అదే మంచిది.

ని-చోమే పద్ధతి వేరు. చాలా బార్లలో పదిమంది కూర్చోగలిగితే గొప్ప. కూర్చున్నందుకే ఒక రుసుము ఉంటుంది, అది మోసం కాదు. ఒక్కో బార్ ఒక్కో రకం వారికి, ఆడవారికి వేరే ఉన్నాయి. తలుపు తీసి, లోపలికి రావచ్చా అని అడిగి, వద్దంటే నవ్వి పక్క బార్‌కు వెళ్లాలి. ఆరేడుగురు గుంపుగా వెళితే ఎక్కడా చోటు దొరకదు. చివరి రైలు అర్ధరాత్రి వేళ, మొదటిది ఐదు గంటలకు. ఆ మధ్య టాక్సీ ఖరీదు చాలా ఎక్కువ.

బ్యాంకాక్‌లో సిలోమ్ సోయి (సందు) 4 బయట కూర్చుని మాట్లాడుకునేవారికి, సోయి 2 నాట్యానికి. అక్కడ ఈ-సిగరెట్ చట్టవిరుద్ధం, జేబులో ఉన్నా చిక్కే. సిట్‌జెస్‌కు బార్సిలోనా నుంచి రైలులో ముప్పావు గంట లోపే. కానీ రాత్రి రైళ్లు ఆగిపోతాయి, ఆ రాత్రికే తిరిగి వద్దామనుకున్నవారు చివరి రైలు టైము ముందే చూసుకోవాలి. న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలాండ్‌లోని పైన్స్‌లో కార్లు తిరగవు, అక్కడి సేవిల్ (Sayville) ఊరి నుంచి ఫెర్రీయే దారి. చివరి ఫెర్రీ టైము రాసి పెట్టుకోండి.

ఈ జాబితాలో ఒక లోపం ఉంది, దాన్ని దాచం. రాత్రి గడిలో ఎక్కువ భాగం మగవారి చోట్లే. ఆడవారి కోసం ప్రత్యేకంగా ఉన్న బార్లు ఏ ఊళ్లో చూసినా తక్కువ. లెస్బోస్ ద్వీపంలోని స్కాలా ఎరెస్సోస్‌లో సెప్టెంబరు మహిళల పండగ లాంటివి కొన్నే జాబితాలోకి వచ్చాయి. వచ్చే ఏడాది మొదటి పని ఇదే.

ఆరోగ్యం

ఎంపాక్స్ (మంకీపాక్స్) టీకా రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి, రెండోది పడ్డాక మరో రెండు వారాలకు గానీ పూర్తి రక్షణ రాదు. అంటే ప్రయాణానికి ఆరు వారాల ముందే మొదలుపెట్టాలి. హెపటైటిస్-ఏ టీకా కూడా వేయించుకోండి. 2016, 2017లలో ఐరోపాలో మగవారి మధ్య వ్యాపించిన హెపటైటిస్-ఏ రకాల్లో ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ యూరోప్రైడ్‌తో ముడిపడి ఉంది.

రోజూ ప్రెప్ (హెచ్ఐవీ సోకకుండా ముందే వేసుకునే మందు) వేసుకునేవారు టైమ్ జోన్ మారినా 24 గంటలకొకటి అన్న లెక్క తప్పకూడదు. పండగ రోజులకే వేసుకునే మగవారి పద్ధతి ఇది: కలయికకు 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, ఆ రెండు మాత్రలు వేసుకున్న 24 గంటలకు ఒకటి, 48 గంటలకు ఇంకొకటి. వరుసగా కలయికలుంటే చివరిదాని తర్వాత రెండు రోజుల దాకా రోజుకొకటి సాగాలి. హెపటైటిస్-బి ఉన్నవారికి ఈ పద్ధతి పనికిరాదు, పరీక్షలు చేయించుకున్నాకే మొదలుపెట్టాలి. ప్రెప్ లేకుండా ప్రమాదం జరిగితే పెప్ (హెచ్ఐవీ సోకకుండా ఆ తర్వాత వాడే) మందు 72 గంటల లోపు మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. "ఇంటికెళ్లాక చూద్దాం" అనుకుంటే ఆ గడువు విమానంలోనే అయిపోతుంది.

పాపర్స్ (మత్తు కోసం పీల్చే ద్రవం), సిల్డెనఫిల్ (వయాగ్రా) కలిస్తే రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోతుంది. జీహెచ్‌బీ అనే మత్తుమందు మీద మద్యం తాగితే ఊపిరి ఆగవచ్చు. తట్టి లేపినా లేవని మనిషిని "పడుకోనీ, దిగిపోతుంది" అని వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సుకు ఫోన్ చేసి, వచ్చేదాకా పక్కనే ఉండండి.

ట్రాన్స్ సభ్యులకు

టికెట్టు మీద పేరు, లింగం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇప్పుడు మీరు ఎలా ఉన్నారన్నది ఆ పెట్టెలో రాయకండి, అక్కడ తేడా వస్తే కౌంటరులోనే ఆగిపోతారు. పాస్‌పోర్టులో ఆడా మగా అని కాకుండా వేసే ఎక్స్ గుర్తును అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒప్పుకుంటుంది, కానీ వెళ్లే దేశం ఒప్పుకోవాలని లేదు. 2025లో డెన్మార్క్ వంటి దేశాలు, ఎక్స్ గుర్తు ఉన్న తమ పౌరులు అమెరికా వెళ్లే ముందు ఆ దేశ రాయబార కార్యాలయాన్ని అడగాలని చెప్పాయి. టెస్టోస్టెరాన్ చాలా దేశాల్లో నియంత్రిత మందు. అసలు పెట్టెలోనే, మందుల చీటీతో, చేతి సామానులో తీసుకెళ్లండి. స్కానర్ మోగితే తనిఖీ విడి గదిలో జరపమని అడగవచ్చు. దానికి అరగంట ఎక్కువ పెట్టుకుని విమానాశ్రయానికి చేరండి.

ఫోన్, గది

నేరచట్టం ఉన్న దేశాల్లో డేటింగ్ యాప్ ద్వారా పిలిచి పట్టుకోవడం, లేదా దోచుకోవడం జరుగుతోంది. యాప్‌లో దూరం చూపే సదుపాయం ఆపేస్తే చాలదు, వేర్వేరు చోట్ల నుంచి కొలిచి మీరున్న చోటు లెక్కకట్టిన సందర్భాలున్నాయి. విమానం ఎక్కకముందే యాప్ తీసేయండి, చాటింగులు కూడా. అలాంటి చట్టం లేని ఊళ్లలోనూ కొత్తవారిని మొదట జనం మధ్యే కలవండి, వీడియో కాల్‌లో ముఖం చూశాకే.

గది విషయంలో ఒక్క మాట. ఇద్దరు మగవారి పేర్లు చూసి హోటల్‌వారు రెండు మంచాల గది కేటాయించడం తరచుగా జరుగుతుంది. బుక్ చేశాక ఒకే పెద్ద మంచం కావాలని రాసి, జవాబు తీసుకుని, దాన్ని ఫోన్‌లో ఉంచుకోండి. ఆ జవాబు ఎలా ఉందో చూస్తే ఆ హోటల్ గురించి చాలా తెలుస్తుంది.

వచ్చే ఏడాది

ఆమ్‌స్టర్‌డామ్, వాలెన్సియా వివరాల పత్రాలు మార్చి చివరికి సిద్ధమవుతాయి. మహిళల చోట్ల జాబితా పనికి ఇద్దరు ముగ్గురు సభ్యులు కావాలి. ప్రయాణం నుంచి వచ్చినవారు రెండు వారాల లోపు మూడు గడులూ నింపి పంపండి: వెళ్లిన తేదీ, బార్ ఏ రోజుల్లో తెరిచి ఉంది, ఏ గంటకు మూశారు, వీధిలో చేయి పట్టుకుని నడిచినప్పుడు ఏమైంది. బాగుంది, బాగాలేదు అని ఒక్క మాట రాసి పంపితే గడి ఖాళీగానే ఉండిపోతుంది.