ఇంటర్వ్యూలకు శాతాలు కట్టడం ఆపండి

ఎడిటర్ గారికి,

మా కోనసీమలో పీజీ పిల్లలు ప్రాజెక్టు కోసం కౌలు రైతుల దగ్గరకో, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ల దగ్గరకో వెళ్లి గంటల కొద్దీ మాట్లాడి రికార్డు చేసుకొస్తున్నారు. తీరా రిపోర్టు తెరిస్తే, పదిహేను మందిలో తొమ్మిది మంది ఫలానా మాట అన్నారు కాబట్టి 60 శాతం అని ఒక పట్టిక, కింద రంగుల చార్టు! అంత కష్టపడి తెచ్చిన మాటలన్నీ ఏమైనట్టు? తప్పు పిల్లలది కాదు. ప్రశ్నలు తయారుచేయడం నేర్పుతున్నారు గానీ, వచ్చిన జవాబులు ఎలా చదవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరు.

ప్రభుత్వం కౌలు రైతుకిచ్చే కౌలు కార్డు గురించి ఒక రైతు ఇలా అన్నాడనుకోండి: ‘సంతకం పెట్టమని అడిగితే వచ్చే సార్వాకి చేను ఇంకొకళ్లకి ఇచ్చేస్తారండి, మనకెందుకొచ్చిన గొడవ.’ కొత్తవాళ్లు దీని పక్కన చటుక్కున ‘అవగాహన లేదు’ అని కోడ్, అంటే ఆ మాటల సారం చెప్పే చిన్న పేరు, రాసేస్తారు. అవగాహన లేకేం? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూయజమాని సంతకం ఉంటేనే కార్డు వస్తుందని ఆయనకు బాగా తెలుసు, తెలిసే అడగడం లేదు. అక్కడ రాయాల్సింది ‘అడిగితే చేను పోతుందన్న భయం’ అని. మొదటి కోడ్‌తో వెళ్తే రిపోర్టు చివర అవగాహన సదస్సులు పెట్టమని రాస్తాం, రెండోదానితో వెళ్తే ఆ సంతకం షరతునే ప్రశ్నిస్తాం.

తర్వాత అదే భయం ఇంకెవరి మాటల్లో ఉందో వెతకాలి. అందరికంటే ముఖ్యం, ధైర్యంగా అడిగి కార్డు తెచ్చుకున్న ఒక్క మనిషి. ఆయనకెలా కుదిరింది, యజమాని బంధువా, పొలం చూసుకోవడానికి వేరే మనిషి దొరకలేదా? తట్టిన అనుమానాలన్నీ అప్పటికప్పుడు తేదీ వేసి రాసుకోవాలి, వాటినే మెమోలు అంటారు. ఒకదానికొకటి సంబంధమున్న కోడ్‌లను కలిపితే తేలే పెద్ద అర్థాలే థీమ్‌లు, వాటి సంగతి ఆ తర్వాతే. ఇలా థీమ్‌లు తీయడానికి బ్రౌన్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో చెప్పిన ఆరు దశల్లో కూడా మొదటిది డేటాను మళ్లీ మళ్లీ చదవడమే. సాఫ్ట్‌వేర్ లేదని టెన్షన్ పడక్కర్లేదు. ఎన్‌వివో లాంటి సాఫ్ట్‌వేర్లు కోడ్‌లను సర్దిపెడతాయి, అర్థం మనమే చెప్పుకోవాలి. పదిహేను ఇంటర్వ్యూలకు ప్రింట్లు, రంగు పెన్నులు చాలు.

కాలేజీలను కోరేది ఒక్కటే. పిల్లల్ని ఊళ్లలోకి పంపేముందు ఏదైనా ఇంటర్వ్యూలోంచి రెండు పేజీలు తీసి, గైడ్‌తో సహా అందరూ విడివిడిగా కోడ్ చేసి, ఎవరెందుకు అలా రాశారో ఎదురెదురుగా కూర్చుని వాదించుకోండి. వైవాకు వచ్చే ఎగ్జామినర్లు కూడా ‘శాతం ఎంత?’ అని కాకుండా, ఈ థీమ్ ఏ మాటల్లోంచి వచ్చిందో చూపించమని అడగండి.

– ఒక పరిశోధక విద్యార్థిని, అమలాపురం