వంటగది బాగుచేతలో డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక వారం వారం ప్రచురించే గృహాలంకరణ పేజీని నేను క్రమం తప్పకుండా చదువుతాను. అందులో వంటగదుల ఫొటోలు తరచుగా వస్తుంటాయి. అవి దాదాపు ఎప్పుడూ ఏ విల్లాలోవో, కొత్తగా కట్టిన పెద్ద ఫ్లాట్లలోవో అయి ఉంటాయి. పాత హౌసింగ్ బోర్డు ఇళ్ళలోనూ, ముప్పై ఏళ్ళ కిందట కట్టిన అపార్ట్‌మెంట్లలోనూ ఉంటున్న మాలాంటి కుటుంబాల వంటగది ఎనిమిది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉంటే గొప్ప. దాన్ని బాగుచేయించుకోవడానికి కూడబెట్టుకున్న సొమ్ము లక్షో, లక్షన్నరో ఉంటుంది. ఆ సొమ్మును ఏ పనికి ముందు, ఏ పనికి తర్వాత ఖర్చు పెట్టాలో చెప్పే వ్యాసం మీ పేజీలో నాకు ఇంతవరకు కనిపించలేదు. ఈ ఉత్తరం అందుకోసం రాస్తున్నాను.

చిన్న వంటగది అంటే లోపమున్న వంటగది అని చాలామంది బాధపడతారు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం భోజనాల గది విడిగా ఉన్న ఇంట్లో వంటగదికి ఉండవలసిన కనీస వైశాల్యం 5 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 1.8 మీటర్లు. ఎనిమిదడుగులు, ఏడడుగుల గది ఈ కొలతకు సరిపోతుంది. కాబట్టి స్థలం గురించి దిగులు పడనక్కరలేదు. దిగులు పడవలసింది గోడల లోపల ఉన్న తుప్పు పట్టిన పైపుల గురించి, పాత వైర్ల గురించి, బయటికి దారిలేక గదిలోనే తిరిగే పోపు పొగ గురించి. వీటిని వదిలేసి పైపై తలుపుల రంగు మీద డబ్బంతా పోస్తున్నామని నా ఆవేదన. ఏ షోరూముకు వెళ్ళినా మొదటి ప్రశ్న “ఏ రంగు కావాలమ్మా?” అనే అడుగుతారు. మీ ఇంట్లో పైపులు ఎప్పటివి, మీటరు దగ్గరి నుంచి వంటగదికి ఏ మందం వైరు వస్తోంది, రోజూ వంట చేసేది ఎవరు అని అడిగినవారు నాకు ఇంకా తారసపడలేదు.

అంచనా వేసే పద్ధతిలోనే అసలు చిక్కు మొదలవుతుంది. అరలు, తలుపులు విడిగా తయారుచేసి తెచ్చి బిగించే మాడ్యులర్ వంటగదికి చదరపు అడుగుకు ఇంత అని ఒక ధర చెబుతారు. ఆ ధర ఎంత అన్నది అందరూ బేరమాడతారు గానీ, అడుగులు ఎలా లెక్కపెడుతున్నారన్నది ఎవరూ చూడరు. ఎల్ ఆకారపు గట్టు ఒక గోడ వెంబడి ఎనిమిదడుగులు, రెండో గోడ వెంబడి ఆరడుగులు ఉందనుకుందాం. రెండింటినీ కలిపి పద్నాలుగడుగులని రాసేస్తారు. గట్టు వెడల్పు రెండడుగులు గనుక మూలలో ఉన్న ఆ రెండడుగులు రెండు గోడల కిందా లెక్కకు వచ్చినట్లే. కింది అరల ఎత్తు రెండున్నర అడుగులైతే అక్కడ 5 చదరపు అడుగులు, అడుగు లోతున్న పై అరల ఎత్తు రెండడుగులైతే ఇంకో 2 చదరపు అడుగులు అదనంగా పడతాయి. చదరపు అడుగు రూ.1,500 అనుకుంటే, తలుపు కూడా రాని ఆ ఒక్క మూలకే రూ.10,500 కట్టవలసి వస్తుంది. చిన్న బడ్జెట్‌లో అది చిమ్నీకో, కొత్త వైరింగుకో సరిపోయే సొమ్ము. అందుకని టేపు మనమే పట్టుకుని కొలిచి, కాగితం మీద గీసుకుని, మూల ఒక్కసారే లెక్కలోకి వచ్చేలా ముందే మాట్లాడుకోవాలి. ఫ్రిజ్ నిలబెట్టే ఖాళీకి, సింకు కింద తెరిచి ఉంచే భాగానికి కూడా ధర కడుతున్నారేమో చూసుకోవాలి.

రెండోది చెక్క సంగతి. కొటేషన్‌లో “ఫస్ట్ క్వాలిటీ ప్లై” అని రాసి ఉంటే అది దేనికీ హామీ కాదు. మా చెల్లెలి ఇంట్లో ఒక దుకాణం వారు సరిగ్గా ఆ మాటే రాసి, సింకు కింద పార్టికల్ బోర్డుతో, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకతో, అర చేసి వెళ్ళారు. ఒక్క వానాకాలం గడిచేసరికి దాని అడుగు పలక పూరీలా ఉబ్బింది. అంచున అంటించిన పట్టీ ఊడివచ్చింది. బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది. తలుపు బందుల స్క్రూలు చేత్తో లాగితే పొట్టుతో సహా బయటికి వచ్చేశాయి. దుకాణం వారిని అడిగితే నీళ్ళు తగిలితే మా పూచీ లేదన్నారు. సింకు కింద నీళ్ళు తగలకుండా ఎలా ఉంటాయో వారే చెప్పాలి! నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనే ప్రమాణం ఉంది, సాధారణ ప్లైవుడ్‌కు ఐఎస్ 303 ఉంది. పలక మీద ఆ సంఖ్య, ఐఎస్ఐ ముద్ర, దాని కింద లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఆ లైసెన్సు సంఖ్య సరైనదో కాదో ఈ ముద్ర ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో మన ఫోనులోనే చూసుకోవచ్చు. పలకలు కోయకముందే, లారీ నుంచి దింపగానే ఈ పని చేయాలి. కోసి లామినేట్ అంటించాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఐఎస్ 710 పలక గది అంతటికీ కొనే స్తోమత లేకపోతే సింకు పక్క అరలకు మాత్రమైనా వాడి, తడి తగలని పై అరలకు తక్కువ ధర పలక వాడుకోవచ్చు.

నిజానికి పాత ఇళ్ళలో ఉన్నవారికి కింద చెక్క పెట్టెల అవసరమే చాలావరకు ఉండదు. మన పాత వంటగదులలో గట్టు కింద నిలువుగా కడప బండలు, మధ్యలో అడ్డంగా మరో బండ ఉంటాయి. వాటికి చెద పట్టదు, తడికి ఉబ్బవు, ఉప్పు డబ్బా పెట్టినా తుప్పు పట్టవు. షోరూము వారు మొదట పగలగొట్టమనేది వాటినే. మేము మాత్రం వాటిని కదిలించకుండా ముందువైపు అల్యూమినియం చట్రం బిగించి తలుపులు పెట్టించుకున్నాము. గట్టు పైబండ ఒక్కటి మార్చి గ్రానైట్ వేయించాము. పగలగొట్టే కూలి, శిథిలాల రవాణా, గోడ టైల్స్ మళ్ళీ వేయడం, ఇవన్నీ తప్పిపోయి మొత్తం ఖర్చు బాగా తగ్గింది. గ్రానైట్‌కు వాడకంలో పెద్ద తేడా లేకుండా ధరలో చాలా తేడా ఉండేది రంగు వల్లనే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ విదేశాలకు వెళ్ళే రాయి, దాని అందం దానిదే. కానీ రోజూ దోసెల పిండి ఒలికే గట్టుకు మామూలు నల్లరాయి చక్కగా పనికివస్తుంది. నేలకు తాండూరు బండ వేయించుకుంటే జారుడు తక్కువ, ధరా తక్కువ.

ఇలా మిగిలిన డబ్బు ముందుగా కరెంటు పనికి వెళ్ళాలి. ముప్పై ఏళ్ళ కిందట వంటగదిలో ఒక బల్బు, మిక్సీకి ఒక ప్లగ్గు ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఫ్రిజ్, నీటి శుద్ధి యంత్రం, మైక్రోవేవ్, గ్రైండరు, గ్యాసు అయిపోయిన రోజుకు ఇండక్షన్ పొయ్యి కూడా అక్కడే ఉంటున్నాయి. రెండు వేల వాట్ల ఇండక్షన్ పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కు, అదీ ఎక్స్‌టెన్షన్ బాక్సు ద్వారా తగిలిస్తే ప్లగ్గు వేడెక్కి, వాసన వచ్చి, చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. ఇలాంటి ఎక్కువ వాట్ల వస్తువులకు 16 ఆంపియర్ల సాకెట్లు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కరెంటు వాడకం మితిమీరితే సరఫరా దానంతటదే ఆపేసే ఎంసీబీ విడిగా ఉండాలి. తడి చేతులతో తిరిగే చోటు గనుక కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోవాలి. టైల్స్ అంటించాక గోడకు గాడి కొట్టడం రెట్టింపు ఖర్చు. ఏ వస్తువు ఎక్కడ పెడతామో గోడ మీద సుద్దముక్కతో గీసి, ఎలక్ట్రీషియనుకు చూపించి, ఆ తర్వాతే టైల్స్ మేస్త్రిని పిలవాలి.

నీళ్ళ పైపుల విషయంలోనూ ఇదే క్రమం. పాత ఇనుప పైపులు లోపల తుప్పు పేరుకుని సన్నబడిపోతాయి. గోడ తెరిచినప్పుడే వాటిని తీసేసి సీపీవీసీ అనే ప్లాస్టిక్ రకం పైపులు వేయించుకుంటే మరో ఇరవై ఏళ్ళు గోడ జోలికి పోనక్కరలేదు. హైదరాబాదులో మాలాగా మంజీరా నీళ్ళూ బోరు నీళ్ళూ రెండూ వాడే ఇళ్ళలో సింకు దగ్గర రెండు కుళాయిలకు విడివిడి లైన్లు ఇప్పుడే వేయించుకోవాలి. సింకు కొనేటప్పుడు చాలామంది అయస్కాంతం పెట్టి చూస్తారు. తుప్పుకు బాగా తట్టుకునే 304 రకం స్టీలు గానీ, చవకైన 202 రకం గానీ అయస్కాంతానికి దాదాపు అంటుకోవు కనుక ఆ పరీక్షతో ఏమీ తేలదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే దారి.

గ్యాసు గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. కారితే నేల దగ్గర నిలుస్తుంది. సిలిండరు కనబడకూడదని దాని చుట్టూ బిగుతుగా తలుపులు పెట్టించడం నేను చాలా ఇళ్ళలో చూస్తున్నాను. ఆ తలుపుకు అడుగున, పైన గాలి ఆడే కంతలు తప్పనిసరిగా ఉండాలి. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. రబ్బరు గొట్టం ఐఎస్ఐ ముద్ర ఉన్నదై, ఐదేళ్ళకొకసారి మార్చేందుకు చెయ్యి పట్టేలా ఉండాలి. చిమ్నీ సంగతికొస్తే, పొగ గొట్టం ఇంటి బయటికి వెళ్ళే దారి లేనప్పుడు దాని మీద డబ్బు పెట్టడం కంటే కిటికీ పైన మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించుకోవడం మేలని నా అభిప్రాయం. గొట్టానికి వంపులు ఎక్కువైన కొద్దీ అది పొగను లాగే శక్తి తగ్గిపోతుంది.

వీటన్నిటికంటే ముందు నిర్ణయించవలసింది గట్టు ఎత్తు. దానికి పైసా ఖర్చు లేదు. వంట చేసే మనిషి నిలబడి మోచేయి మడిస్తే, ఆ మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు ఉండాలి. ఐదడుగుల మనిషికి అది సుమారు 33 అంగుళాలు వస్తుంది. పొయ్యి ఎత్తు దానికి కలుస్తుంది కనుక పొయ్యి పెట్టే చోట ఇంకొంచెం దించినా మంచిదే. మేస్త్రి తనకు అలవాటైన కొలత వేసేస్తే, పొట్టిగా ఉన్న ఇల్లాలు ఇరవై ఏళ్ళపాటు భుజాలు ఎత్తి కూర కలుపుతుంది. ఇంట్లో ఈ చర్చ జరిగేటప్పుడు రోజూ అక్కడ నిలబడే మనిషి మాట చివరిది కావడం న్యాయం కాదు. వాస్తు పట్టింపు ఉన్నవారు ఆగ్నేయం, తూర్పు ముఖం అన్న సంగతులు కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. పైపులు వేశాక పెద్దలెవరో వచ్చి పొయ్యి మార్చమంటే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇక డబ్బు చెల్లింపు. సగానికి మించి అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో గృహప్రవేశాల హడావిడి మొదలవగానే వడ్రంగి కనబడక ఎదురుచూసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సరుకు దిగినప్పుడు కొంత, పెట్టెలు బిగించినప్పుడు కొంత, తలుపులయ్యాక కొంత ఇచ్చి, చివరి పదోవంతు ఒక నెల వాడి చూశాక ఇస్తామని ముందే రాసుకోవాలి. జీఎస్‌టీ కట్టడం తప్పుతుందని ఆశపడి చీటీ మీద లెక్కతో సరిపెట్టుకుంటే రేపు ఫిర్యాదుకు చేతిలో ఆధారం ఉండదు. పక్కా బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా లేదు. మా చెల్లెలి దగ్గర అలాంటి బిల్లు లేకపోయింది.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. నెలకొకసారైనా ఒక పాత, చిన్న వంటగదిని తీసుకుని, దాని కొలతలు, ఏది ఉంచారు, ఏది తీశారు, కరెంటుకు ఎంత, పైపులకు ఎంత, రాయికి ఎంత, తలుపులకు ఎంత అయిందో ఆ ఇంటివారి బిల్లుల ఆధారంగా మీ పేజీలో ప్రచురించండి. ప్రకటనలు ఇచ్చే సంస్థలు చదరపు అడుగు ధర పక్కనే ఏ ప్రమాణపు పలక వాడతారో, అడుగులు ఎలా లెక్కిస్తారో కూడా ముద్రించాలని మీరు కోరవచ్చు. రెండు రాష్ట్రాల వినియోగదారుల వ్యవహారాల శాఖలు కూడా మాడ్యులర్ వంటగదుల కొటేషన్‌కు తెలుగులో ఒక నమూనా పత్రం తయారుచేసి, దుకాణాలన్నీ దాన్నే వాడేలా చూడాలి. పలక ప్రమాణం, అంచు పట్టీ, బందుల రకం, కొలత పద్ధతి, నీటి వల్ల పాడైతే బాధ్యత ఎవరిది అన్న ఐదు గడులు దానిలో ఉంటే చాలు.

భవదీయురాలు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, హైదరాబాద్.