'చెలియా'లో లీల కథ ఏమైంది?

సంపాదకులకు,

2017 ఏప్రిల్ 7న విడుదలైన మణిరత్నం 'చెలియా' చూసి మనసు కష్టపెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. సినిమా స్లోగా ఉందని చాలామంది అంటున్నారు. నాకు దాంతో పేచీ లేదు. 1989లో 'గీతాంజలి' కూడా తాపీగానే నడిచింది, అయినా మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. నా బాధ వేరే. దానికోసం కథ చెప్పక తప్పదు, చూడనివాళ్లు మన్నించాలి.

వరుణ్ ఎయిర్‌ఫోర్స్ పైలట్. లీల డాక్టర్. శ్రీనగర్‌లో ప్రేమించుకుంటారు. నలుగురి ముందే అతను ఆమె చెయ్యి మెలిపెడతాడు, అరిచి నోరు మూయిస్తాడు. రిజిస్టర్ పెళ్లికి ఆమె వచ్చి ఎదురుచూస్తుంటే తను రావడమే మర్చిపోతాడు. తర్వాత బతిమాలుకుంటాడు, ఆమె కరిగిపోతుంది. ఇలాంటి మగవాడి కథ తీయకూడదని నేననను. ఇలాంటివాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. లీల కూడా నోరులేని పిల్ల కాదు, తనను సమానంగా చూడమని మొహం మీదే అడుగుతుంది. అదితిరావు హైదరీ ఆ సీన్లలో చాలా బాగా చేసింది. అంతవరకూ ఇది మంచి సినిమా అవుతుందనే ఆశపడ్డాను.

విడిపోయేనాటికి లీల గర్భవతి. 1999 కార్గిల్ యుద్ధంలో విమానం కూలి వరుణ్ రావల్పిండి జైల్లో పడతాడు. అక్కడ అతను పడ్డ కష్టాలు, తప్పించుకోవడం, సరిహద్దు దాకా ఛేజింగ్, అన్నీ తీరిగ్గా చూపించారు. మరి లీల? పెళ్లికాకుండా బిడ్డను కని ఒంటరిగా పెంచిన ఆ ఏళ్లు ఆమె ఎలా నెట్టుకొచ్చింది? లోకం ఏమంది? అతను గుర్తొచ్చినప్పుడు కోపం వచ్చిందా, జాలి కలిగిందా? అసలు ప్రేమకథ అక్కడే ఉంది, దాన్నే వదిలేశారు. చివర్లో అతను వెతుక్కుంటూ వస్తే ఆమె క్షమించేస్తుంది. జైల్లో బాధపడ్డాడు కాబట్టి మారాడని మనం అనుకోవాలి. ఆమె ఎందుకు నమ్మిందో తెలియదు.

'సఖి' తీసిన దర్శకుడు ఇలా తీయడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అందులో కార్తీక్, శక్తి గొడవపడితే ఇద్దరి బాధా మనకు అర్థమైంది. ఇక్కడ రవివర్మన్ కెమెరా, రెహమాన్ పాటలు ఆ మనిషి కోపానికి కూడా అందం అద్దాయి. ఇదే కథ ఓ కొత్త దర్శకుడు తీసుంటే ఇంత మెత్తగా మాట్లాడేవాళ్లమా?

2005 గృహహింస చట్టం ప్రకారం చెయ్యి చేసుకోవడమే కాదు, మాటలతో అవమానించడం కూడా హింసే. సెన్సార్ కత్తెర వేయాలని నేను కోరడం లేదు. ప్రేమకథలను సమీక్షించేటప్పుడు ఫొటోగ్రఫీ, పాటలు, స్క్రీన్‌ప్లేతో పాటు హీరో ఆ అమ్మాయిని ఎలా చూశాడు, దాన్ని సినిమా ఎలా చూసింది అన్నది కూడా రాయమని మీ సినిమా పేజీ వాళ్లకు చెప్పండి. దర్శకుడు ఎంత పెద్దవాడైనా సరే.

— ఒక పాఠకురాలు, విజయవాడ