వార్షిక నివేదిక: కొత్త మిద్దెతోటలు, పాత సభ్యుల పాఠాలు

సభ్యులందరికీ నమస్కారం. విత్తనాల పంపిణీ, ఎరువుల ఉమ్మడి కొనుగోలు ఎప్పటిలాగే సాగాయి. ఈ ఏడాది ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ మేలు చేసింది కూడా, కొత్తగా మిద్దెతోట వేసినవారికి పాత సభ్యులను తోడు ఇవ్వడమే. ఆ మేలు పాతవారికీ అందింది. చేతి అందాజుతో నడిచే తోటకు ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్న ప్రశ్నలు ఎదురుకావు. కొత్తవారు అడిగేవి అవే.

తీగజాతి సంగతే చూడండి. పిందెలు పసుపు పచ్చబడి రాలుతుంటే "పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దండి" అని అన్నిటికీ ఒకే మాట చెబుతూ వచ్చాం. గుమ్మడి, దోస, కాకరకు అది సరైనదే. సొర, బీర, పొట్ల పూలు విచ్చుకునేది సాయంత్రం. మర్నాడు పొద్దున వెళితే సొరపువ్వు అప్పటికే వడలిపోయి ఉంటుంది. నేతిబీర బీరకు దగ్గరి చుట్టమైనా పొద్దునే పూస్తుంది. కాబట్టి తీగను బట్టి వేళ చెప్పాలి. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడది, ఉత్త కాడే ఉంటే మగది. మగపువ్వు రేకులు తీసేసి, పుప్పొడి వేలికి అంటుతోందని చూసుకున్నాకే ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దాలి. తీగకు మొదట్లో మగపూలే ఎక్కువగా వస్తాయి. కంగారుపడి ఎరువు పెంచితే ఆకు పెరుగుతుంది, కాయ కాదు.

టమాటా కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు వేయమనేవాళ్లం. వేశాక కూడా ఎందుకు తగ్గలేదని అడిగితే జవాబు వెతుక్కోవలసి వచ్చింది. పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. కుండీలో నీరు ఒకరోజు ఎండి ఒకరోజు నిండితే, మట్టిలో కాల్షియం ఉన్నా కాయదాకా చేరదు. నీళ్లు క్రమంగా పెట్టి, మట్టిపై రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పితే తర్వాతి కాయలు బాగుపడతాయి. నల్లబడిన కాయ మాత్రం కోలుకోదు.

పురుగులకు కొట్టే వేపనూనెకు "ఒక మూత" అనే కొలత ఇక మానేద్దాం. మూతలన్నీ ఒక్క సైజు కావు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు చాలు. ముందు నూనెలో కొద్దిగా కుంకుడు రసం కలిపి, తర్వాత నీళ్లు పోయాలి. లేదంటే నూనె పైకి తేలి, చిక్కగా పడినచోట ఆకు మాడుతుంది. ఎండ తగ్గాకే కొట్టాలి.

"మాగిన ఎరువు" వేయమని చెప్పడం తేలిక, మాగిందో లేదో గుర్తుపట్టడమూ చెప్పాలి. కుప్పలో చేయి పెడితే వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు, పిడికిట్లో పొడిపొడిగా విడిపోవాలి.

వచ్చే జూన్‌లో తీగజాతి విత్తనాలతో పాటు పూలు విచ్చుకునే వేళల పట్టిక, 5 మిల్లీలీటర్ల కొలత చెంచా ఇస్తాం. తోడు వెళ్లే సభ్యులు జవాబు తెలియని ప్రశ్నలను రాసుకుని నెలవారీ సమావేశానికి తేవాలి. సొర, బీర వేసిన ఇళ్లకు ఒక్కసారైనా సాయంత్రం వెళ్లాలి.