లైబ్రరీని సిద్ధం చేసే పని ఎవరిది?

సంపాదకులకు,

మీ పత్రిక విద్యా పేజీలో వస్తున్న డేటాబేస్ పాఠాలు విద్యార్థులకు ఉపయోగపడేలాగానే ఉన్నాయి. అయితే అవి నేరుగా కనెక్షన్ తెరవడంతో మొదలవుతున్నాయి. అంతకుముందు క్లయింట్ లైబ్రరీని, అంటే ప్రోగ్రాం డేటాబేస్ సర్వర్‌తో మాట్లాడడానికి వాడే కోడ్‌ను, సిద్ధం చేసే దశ ఒకటుందని ఎక్కడా చెప్పలేదు. లైబ్రరీలు రాసేవారికి అసలు చిక్కు అక్కడే ఎదురవుతుంది.

పోస్ట్‌గ్రెస్‌ అనే డేటాబేస్ క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూనే తీసుకుందాం. సర్వర్‌తో జరిగే సంభాషణ ఇతరుల కంటపడకుండా అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ సాఫ్ట్‌వేర్‌ను వాడుకుంటుంది. అదే ప్రోగ్రాంలో మరో భాగం కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను వాడుతుంటే, దాన్ని ఎవరు మొదలుపెట్టాలన్న పేచీ వచ్చేది. ఆ పని మేమే చేసుకున్నామని లిబ్‌పీక్యూకు చెప్పడానికి పీక్యూఇనిట్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఫంక్షన్ ఉండేది. సున్నా పంపితే లిబ్‌పీక్యూ తప్పుకునేది. కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఉన్నవి రెండు లైబ్రరీలు: గుప్తీకరణ చేసే లిబ్‌క్రిప్టో, దాని ఆధారంగా కనెక్షన్ నడిపే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్. ఒక్క లిబ్‌క్రిప్టోనే వాడుకునే ప్రోగ్రాం సున్నా పంపితే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను మొదలుపెట్టే నాథుడే ఉండేవాడు కాదు; ఒకటి పంపితే, ఆ ప్రోగ్రాం అప్పటికే పెట్టుకున్న థ్రెడ్ లాకింగ్ ఏర్పాటును (ఒకేసారి నడిచే పనులు, అంటే థ్రెడ్‌లు, ఒకదానికొకటి అడ్డుపడకుండా చూసేదాన్ని) లిబ్‌పీక్యూ తనదానితో మార్చేసే ప్రమాదముండేది.

2009లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 8.4 వెర్షన్‌లో, పాత ఫంక్షన్‌ను కదిలించకుండా, రెండు లైబ్రరీలకూ విడివిడిగా జవాబు తీసుకునే పీక్యూఇనిట్‌ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను చేర్చారు. పాత ప్రోగ్రాంలు చెడకుండా చూడడం మెచ్చదగిన పనే. కానీ కోడ్‌లో 'ఒకటి, సున్నా' అని కనిపిస్తే ఏది దేనికో మాన్యువల్ తెరిస్తే తప్ప తెలియదు. ఒరాకిల్ డేటాబేస్ క్లయింట్ లైబ్రరీ ఓసీఐలో మాదిరిగా పేరున్న ఫ్లాగ్‌లను (ఒక్కో ఎంపికకు ఒక్కో గుర్తును) కలిపి పంపే పద్ధతే నయమని నా అభిప్రాయం; రేపు మూడో ఎంపిక అవసరమైనా కొత్త ఫంక్షన్ పుట్టించనక్కరలేదు.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉండేది. ఈ ఫంక్షన్‌ను మొదటి కనెక్షన్‌కు ముందే పిలవాల్సి ఉండేది, ఆలస్యంగా పిలిస్తే మాత్రం అది ఏమీ చెప్పేది కాదు, ఎందుకంటే అది ఏ విలువనూ తిరిగి ఇవ్వదు. ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్‌లో అలా కాదు. లైబ్రరీ మొదలయ్యాక కాన్ఫిగ్ ఫంక్షన్‌తో థ్రెడింగ్ పద్ధతి మార్చబోతే దుర్వినియోగమనే ఎర్రర్ కోడ్ చేతికొస్తుంది.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ది ఇంకో తంతు. దాని లైబ్రరీ ఇనిట్ ఫంక్షన్ తీసుకునే మూడు ఆర్గ్యుమెంట్లూ (దానికి పంపే విలువలు) ప్రోగ్రాంలోనే ఇమిడి నడిచే సర్వర్ కోసం పెట్టినవి. ఆ సర్వర్‌ను 8.0లో తీసేసినా, మామూలు క్లయింట్లు నేటికీ ఒక సున్నా, రెండు నల్‌లు (ఖాళీ విలువలు) పంపుతూనే ఉన్నాయి.

2016లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 తనను తానే సిద్ధం చేసుకోవడంతో అసలు పేచీకే కారణం లేకుండా పోయింది. పోస్ట్‌గ్రెస్ 18లో ఆ రెండు ఫంక్షన్లూ పాత ప్రోగ్రాంల కోసం ఉత్త పేరుకే మిగిలాయి.

మీ పాఠాల్లో మల్టీథ్రెడింగ్ వచ్చేలోపు ఒక్క విషయమైనా చేర్చవలసిందిగా కోరుతున్నాను. మైఎస్‌క్యూఎల్‌లో కనెక్షన్ ఇనిట్ ఫంక్షన్ లైబ్రరీని తనంతట తానే సిద్ధం చేస్తుంది గాని, పలు థ్రెడ్‌లు ఒకేసారి దాన్ని పిలిస్తే ఆ పని సురక్షితం కాదు. కాబట్టి థ్రెడ్‌లను పుట్టించే ముందే లైబ్రరీ ఇనిట్‌ను స్వయంగా పిలవాలని విద్యార్థులకు తెలియాలి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్