ఏ ఫిల్లింగ్ పెట్టారో చీటీలో రాయాలి

సంపాదకులకు,

నరసాపురంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర చాలా ఏళ్లుగా అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. సఖినేటిపల్లి నుంచి పంటు దాటి వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చుంటూనే అంటారు: ‘తెల్ల సిమెంటే పెట్టండి, త్వరగా కానివ్వండి’ అని. ఆ రెండూ ఒకచోట కుదరవు.

తెల్లదంటే కాంపోజిట్, అంటే పన్ను రంగులో ఉండే రెసిన్ ముద్ద. యాసిడ్ జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, బాండ్ అనే జిగురు పూసేలోగా ఉమ్మి తగిలితే దాని పట్టు పోతుంది. కింది దవడ చివరి పన్నయితే నాలుక పక్కన పెట్టిన దూది చూస్తుండగానే నానిపోతుంది, మార్చలేక నా చేతులు ఆడవు. పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగిస్తే ఈ బెడద ఉండదు గానీ టైమ్ పడుతుంది. పైగా నీలం లైటుకి గట్టిపడేటప్పుడు కాంపోజిట్ రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. అందుకే మామూలు రకాన్ని 2 మిల్లీమీటర్ల పొరలుగా వేయాలి. ఒకేసారి కూరేస్తే అంచున సందు పడుతుంది. అంతర్వేది నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పన్ను తెరిస్తే, పైన ఫిల్లింగ్ చెక్కుచెదరలేదు. కింద పన్ను మాత్రం పుచ్చిపోయి, తడిసిన బెల్లంలా గోధుమరంగులో మెత్తగా ఉంది.

పాత వెండి ఫిల్లింగ్ తీరు వేరు. అది పన్నుకి అంటుకోదు. మొదట్లో అంచున సన్నటి సందు ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ దాని తుప్పే ఆ సందుని పూడుస్తుంది. తడి తప్పనిచోట అదే నయం. కాకపోతే అందులో దాదాపు సగం పాదరసం. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాన్ని చాలావరకు ఆపేసింది. ఇక గ్లాస్ అయానమర్ అనే మూడో రకం సిమెంటు పన్నులోని కాల్షియంతో తనే అతుక్కుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. గట్టిగా నమిలేచోట అరిగిపోతుంది. చిగురు దగ్గర పుచ్చిన పెద్దవాళ్లకి, నోరు తెరిచి ఊరుకోని పిల్లల పాలపళ్లకి అదే మేలని నా అభిప్రాయం.

ఇన్ని తేడాలున్నా మా వైపు చీటీల్లో ఎక్కువగా కనిపించేది ‘ఫిల్లింగ్’ అన్న ఒక్క మాట, పక్కన డబ్బు. కొన్నేళ్లకి అదే పన్ను నొప్పెట్టి భీమవరమో అమలాపురమో వెళితే, లోపల ఏముందో అక్కడి డాక్టరు ఊహించుకోవాల్సిందే. ఏ పన్ను, ఏ మెటీరియల్, ఎంత లోతు, రబ్బరు షీటు వాడారా లేదా అన్నవి డాక్టర్లు చీటీలో రాసివ్వాలి. జిల్లా వైద్యాధికారులు దీన్ని ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నిటికీ తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

— ఒక డెంటల్ అసిస్టెంట్, నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా