చలి ఎంతో రాశారు, ఒత్తిడి సంగతి వదిలేశారు

సంపాదకులకు నమస్కారం.

నేను బరంపురంలో ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్తుంటాను. ఇక్కడి మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సైన్స్ పుస్తకంలో ఇంగ్లీషు, ఇక తెలుగులో సైన్స్ కనపడేది మీ పేపర్లోనే కాబట్టి ఆదివారం ఆ పేజీ కత్తిరించి గోడకి అంటిస్తాను. మొన్న రాగి ఆక్సైడ్ అతివాహకాల (బాగా చల్లబరిస్తే కరెంటును నష్టం లేకుండా పోనిచ్చే పదార్థాల) వ్యాసం కూడా అంటించాను కానీ రెండో రోజే పీకేయాల్సి వచ్చింది.

పాదరసం కలిసిన ఒక రాగి ఆక్సైడ్ మైనస్ 109 డిగ్రీల దగ్గరే కరెంటును నష్టం లేకుండా పోనిస్తుందని రాశారు. నిజమే. అయితే 1994లో ఆ మైనస్ 109, అంటే 164 కెల్విన్లు (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే కెల్విన్లు), వచ్చింది సుమారు 31 గిగాపాస్కల్స్ ఒత్తిడిలో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు మూడు లక్షల రెట్లు. కంటికి సరిగ్గా ఆనని ముక్కని రెండు వజ్రాల మొనల మధ్య పెట్టి నొక్కితే వచ్చే ఒత్తిడి అది. నొక్కడం మానేస్తే అదే పదార్థం మైనస్ 138 దాకా చల్లబడితే తప్ప అతివాహకం కాదు. ఈ సంగతి వ్యాసంలో లేదు. ఒక పిల్లాడు "కుక్కర్‌లో ప్రెషర్ లాగానా సార్" అన్నాడు. విజిల్ వేసే కుక్కర్‌లో ఉండేది బయటి గాలికి రెండింతలేరా అన్నాను. పక్కింటాయనైతే వచ్చే ఏడాదికి కరెంటు బిల్లు తగ్గుతుందేమో అని ఆశగా అడిగాడు, ఆయనకేం చెప్పను?

అసలు నా బాధ తప్పు దొర్లిందని కాదు, కథలో మంచి భాగమే పోయిందని. 1986లో జ్యూరిక్‌లో బెడ్నార్జ్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు లాంథనం, బేరియం ఉన్న రాగి ఆక్సైడ్‌లో 30 కెల్విన్లకు పైన అతివాహకత చూశారు. హ్యూస్టన్‌లో పాల్ చూ అనే శాస్త్రవేత్త దాన్ని నొక్కి చూస్తే అతివాహకత వచ్చే ఉష్ణోగ్రత 40 కెల్విన్లు దాటి ఎగబాకింది. అయితే బయటి నుంచి నొక్కే బదులు లోపలే చిన్న పరమాణువు పెడితే ఎలా ఉంటుందనుకుని, లాంథనం తీసి దానికన్నా చిన్నదైన యిట్రియం వేశారు, 1987 మొదట్లో అలబామాలోని వూ బృందంతో కలిసి 93 కెల్విన్లు అందుకున్నారు, 77 కెల్విన్ల దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్‌తోనే పని జరిగిపోయింది. తమాషా ఏమిటంటే ఆ యిట్రియం పదార్థాన్ని నొక్కితే పెద్దగా మార్పు రాదు. ఒక వైపు నుంచి నొక్కితే ఉష్ణోగ్రత తగ్గుతుంది, దానికి అడ్డంగా నొక్కితే పెరుగుతుంది, అన్ని వైపులా నొక్కితే రెండూ దాదాపు చెల్లుకు చెల్లు!

నొక్కితే రాగి, ఆక్సిజన్ పొరలు దగ్గరవుతాయి, పక్క పొరల నుంచి ఆ పొరల్లోకి విద్యుదావేశం మారుతుంది. ఆవేశం తక్కువగా ఉన్న పదార్థానికి ఇది మేలు చేస్తుంది, అప్పటికే సరిపడా ఉన్నదానికి ఎక్కువై అతివాహకత తగ్గుతుంది, ఉప్పు సరిపోయిన కూరలో ఇంకో చిటికెడు వేసినట్టు. కాబట్టి ఒత్తిడి పెంచితే ఉష్ణోగ్రత పెరుగుతూనే పోతుందని కూడా రాయొద్దు.

2015లో హైడ్రోజన్ సల్ఫైడ్ 203 కెల్విన్ల దగ్గరే అతివాహకం అవుతుందన్నప్పుడూ ఇంతే, అక్కడ ఒత్తిడి గాలికి 15 లక్షల రెట్లు. ఇకనైనా ఇలాంటి వార్త వేసినప్పుడు ఉష్ణోగ్రత పక్కనే ఒత్తిడి కూడా వేయండి, ఒక్క అంకె చాలు. చోటు చాలకపోతే వ్యాసం పక్కన వేసిన ఆ గాల్లో తేలే రైలు బొమ్మ కొంచెం చిన్నది చేయండి. సవరణ వేస్తే కత్తిరించి మళ్లీ గోడకి అంటిస్తాను, పాత చోటు అక్కడే ఖాళీగా ఉంది.

— ఒక ట్యూషన్ మాస్టారు, బరంపురం, గంజాం జిల్లా